ఇంటి బీరుకు నాలుగు రకాల హాప్స్ చాలు

మీ ప్రశ్న సారాంశం ఇది. అమెరికాలో ఉంటారు, నెలకోసారి ఇంట్లో ఐదు గ్యాలన్ల బీరు కాస్తారు. ఏడాదిలో సగానికి పైగా పేల్ ఏల్, మూడు సార్లు ఇంగ్లిష్ బిటర్, చలికాలంలో రెండు లాగర్లు. ఒక్కో రెసిపీలో ఒక్కో హాప్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వు) రాసి ఉంటుంది కాబట్టి ఔన్సు ప్యాకెట్లు కొంటూ పోయారు. ఇప్పుడు ఫ్రీజర్ నిండా సగం వాడి రబ్బరు బ్యాండు చుట్టిన ప్యాకెట్లే. అన్నింటికీ పనికొచ్చే మూడు నాలుగు రకాలు ఏవో తెలిస్తే పెద్ద ప్యాకెట్లు కొనుక్కుంటానంటున్నారు. పాత ప్యాకెట్లను ఏం చేయాలో కూడా అడిగారు.

చేదుకు మాగ్నమ్. అమెరికన్ బీర్లకు కాస్కేడ్. ఇంగ్లిష్ బీర్లకు ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్. లాగర్లకు హాలర్‌టావర్ మిట్టెల్‌ఫ్రూ. వీటిలో ఒకటి తగ్గించమంటే ఆఖరిది తీసేస్తాను. ఒకటి పెంచమంటే సిట్రా కలుపుతాను.

వివరాల్లోకి వెళ్లేముందు చట్టం సంగతి. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి బీరుకు ఫెడరల్ స్థాయిలో అడ్డంకి తొలగింది. ఇంట్లో ఒకే పెద్దవారుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు కాచుకోవచ్చు, అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పరిస్థితి వేరు. లైసెన్సు లేకుండా కాస్తే అది ఎక్సైజ్ కేసు. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు బావమరిదికి నేర్పిద్దామనే ఆలోచన పెట్టుకోకండి.

పేర్లు కాదు, పనులు లెక్కపెట్టండి

కొట్లో అరవై రకాల పేర్లు కనిపించినా, బీరులో హాప్ చేసే పనులు రెండే: చేదునివ్వడం, వాసననివ్వడం. ఎండిన హాప్ పువ్వును విప్పి చూస్తే రేకుల మొదట్లో పసుపు పొడి వేలికి అంటుకుంటుంది. దాన్ని లుపులిన్ అంటారు. చేదుకు మూలమైన ఆల్ఫా యాసిడ్లు, వాసననిచ్చే నూనెలు రెండూ అందులోనే ఉంటాయి. చిక్కల్లా ఏమిటంటే, ఒకదానికి మేలు చేసేది రెండోదానికి చేటు. ఆల్ఫా యాసిడ్లు మామూలుగా నీళ్లలో సరిగ్గా కరగవు. గంటసేపు తెర్లితేనే వాటి రూపం మారి వోర్ట్‌లో, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి తీసిన తీపి రసంలో కరిగి, చేదుగా నిలుస్తాయి. నూనెలేమో ఆ గంటలో ఆవిరితోపాటు ఎగిరిపోతాయి. పప్పులో పసుపు మొదట్లోనే పడుతుంది, కొత్తిమీర దించాక పడుతుంది. రెండింటినీ ఒకే వేళ వేసేవాళ్లెవరూ లేరు. హాప్స్ సంగతీ అంతే.

అందుకే గంట మరిగే గిన్నెలో ఖరీదైన సిట్రా వేయడం డబ్బు దండగ. ఆ మామిడి, లీచీ వాసనలో గంట తర్వాత దాదాపు ఏమీ మిగలదు. రెసిపీ రాసినవాళ్లు 60 నిమిషాల దగ్గర, అంటే మరుగు ముగియడానికి గంట ముందు, ఏ హాప్ పేరు రాసినా, నూటికి తొంభైసార్లు అక్కడ మాగ్నమ్ వేసి లెక్క సరిచేస్తే తాగేవాళ్లు తేడా పట్టలేరు. మీ ఫ్రీజర్‌లోని సగం ప్యాకెట్లు ఈ ఒక్క మార్పుతో అవసరం లేకుండా పోతాయి.

మాగ్నమ్: గ్రాములు తక్కువ, గొడవ తక్కువ

మాగ్నమ్‌ను జర్మనీలోని హ్యూల్ పరిశోధన కేంద్రంలో రూపొందించారు. ఆల్ఫా సాధారణంగా 11 నుంచి 16 శాతం. దీని చేదు శుభ్రంగా ఉంటుంది, గొంతులో గీరుకోదు. తనదంటూ ప్రత్యేకమైన వాసన పెద్దగా ఉండదు, మనకు కావలసిందీ అదే. లాగర్‌కీ, స్టౌట్‌కీ, ఐపీఏకీ (హాప్స్ బాగా వేసే పేల్ ఏల్) ఒకే హాప్ సరిపోతుంది.

లెక్క ఎలా చేయాలో ఒకసారి చూపిస్తాను, తర్వాత సాఫ్ట్‌వేర్ లేకపోయినా మీకే వస్తుంది. చేదును ఐబీయూలో కొలుస్తారు. హాప్స్ గ్రాముల్ని ఆల్ఫా శాతంతో గుణించండి, దాన్ని 10తో, ఆపైన వినియోగంతో గుణించి, బీరు లీటర్లతో భాగించండి. వినియోగం అంటే వేసిన ఆల్ఫాలో ఎంత భాగం చేదుగా మారి నిలిచిందో ఆ నిష్పత్తి. టిన్సెత్ సూత్రం ప్రకారం 1.050 గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత, చక్కెర ఎంతుందో చెబుతుంది) ఉన్న వోర్ట్‌లో అది 60 నిమిషాలకు 0.23, 30 నిమిషాలకు 0.18, 15కి 0.11, 10కి 0.08, 5కి 0.05కి కాస్త తక్కువ.

20 లీటర్లలో 30 ఐబీయూ కావాలనుకోండి. 12 శాతం మాగ్నమ్ అయితే గంట మరుగుకు 22 గ్రాములు చాలు. అదే చేదు సాజ్ అనే 3.5 శాతం చెక్ హాప్‌తో తేవాలంటే 74 గ్రాములు పడుతుంది. ఖర్చు ఒక్కటే కాదు సమస్య. ఆ అదనపు 50 గ్రాముల ఆకు పొట్టు గిన్నె అడుగున మడ్డిగా చేరుతుంది, తనతో పాటు వోర్ట్‌ను పీల్చుకుంటుంది, గంటసేపు మరిగి పచ్చి ఆకు రుచి దించుతుంది.

తక్కువ గ్రాములతో ఒక ఇబ్బంది ఉంది. వంటింటి తక్కెడ రెండు గ్రాములు అటూఇటూ చూపిస్తే 70 గ్రాముల సాజ్‌లో అది లెక్కలోకి రాదు, 12 గ్రాముల మాగ్నమ్‌లో మాత్రం చేదు ఆరో వంతు మారిపోతుంది. 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ తక్కెడ కొనుక్కోండి. హాప్స్‌కు మించి మీ బీరును మార్చే పరికరం అదే అవుతుంది.

పోర్టర్, స్టీమ్ బీర్ లాంటివి తరచూ కాచేవాళ్లయితే మాగ్నమ్ బదులు నార్తర్న్ బ్రూవర్ తీసుకోమనేవాణ్ణి. ఆల్ఫా 7 నుంచి 10 శాతం ఉంటుంది, చేదుతోపాటు కట్టెల వాసన, కాస్త పుదీనా ఛాయ ఇస్తుంది. మీ జాబితాకు అది అక్కర్లేదు.

కాస్కేడా, సెంటెనియలా?

మీ బీరులో సగం పేల్ ఏల్ అంటున్నారు కాబట్టి అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే.

కాస్కేడ్ ఆరిగన్‌లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధనలో పుట్టి 1972లో విడుదలైంది. ఒకవైపు ఇంగ్లండ్ ఫగుల్, మరోవైపు రష్యన్ సెరెబ్రియాంకా వంశం. 1980లో సియెరా నెవాడా పేల్ ఏల్ ఈ హాప్‌తోనే మొదలై, ఆ తర్వాత అమెరికన్ పేల్ ఏల్ అంటే ఇలాగే ఉండాలన్న రుచిని స్థిరపరిచింది. ఆల్ఫా సుమారు 4.5 నుంచి 7 శాతం. వాసన పంపరపనస తొనను వలిచినప్పుడు తొక్క నుంచి చిమ్మే నూనెలా ఉంటుంది, దాని వెనక సన్నగా పూల వాసన. ఈ పూల వాసనే దాన్ని అందరివాణ్ణి చేసింది. గోధుమ బీరులో పడుతుంది, బ్రౌన్ ఏల్‌లో పడుతుంది, తేలికైన బ్లాండ్ ఏల్‌లో కూడా మిగతావాటిని తొక్కేయదు.

సెంటెనియల్ 1990లో వచ్చింది. దీన్ని సూపర్ కాస్కేడ్ అంటుంటారు, ఆ మాట సగమే నిజం. ఆల్ఫా 9.5 నుంచి 11.5 శాతం కాబట్టి చేదుకూ వాసనకూ ఒక్కటే సరిపోతుంది. నిమ్మ, పూలు ఎక్కువ, పంపరపనస తక్కువ, కొంచెం దేవదారు బంక. ఒక్క హాప్ మాత్రమే కొనే పరిస్థితి వస్తే కళ్లు మూసుకుని సెంటెనియల్ తీసుకుంటాను. చేదు పని మాగ్నమ్ చూసుకుంటున్నప్పుడు మాత్రం కాస్కేడ్‌దే పైచేయి. ఆల్ఫా తక్కువ కాబట్టి చివర్లో గుప్పెడు వేసినా చేదు అదుపు తప్పదు, ధర కూడా దిగువనే.

20 లీటర్ల పేల్ ఏల్‌కు, మొదటి గ్రావిటీ 1.050 అనుకుంటే, కొలత ఇలా. 12.5 శాతం మాగ్నమ్ 15 గ్రాములు 60 నిమిషాల దగ్గర వేయండి, అది 22 ఐబీయూ దాకా ఇస్తుంది. 6 శాతం కాస్కేడ్ 30 గ్రాములు ఆఖరి 10 నిమిషాల్లో, దానితో ఇంకో ఏడెనిమిది. మంట ఆపేశాక మరో 30 గ్రాములు వేసి గరిటెతో సుడి తిప్పి, మూతపెట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి. మిగిలిన 40 గ్రాములు డ్రై హాప్‌కు, అంటే మరిగించకుండా పులిసే బీరులో వేయడానికి. మొత్తం చేదు 34 ప్రాంతంలో ఉంటుంది.

మంట ఆపాక వేసేది కూడా చేదునిస్తుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. వోర్ట్ 95 డిగ్రీల దగ్గర ఉన్నంతసేపూ ఆల్ఫా మారుతూనే ఉంటుంది. చల్లబరిచే కాయిల్ పెట్టడం అరగంట ఆలస్యమైతే ఆ 30 గ్రాములు అనుకున్నదానికంటే ఎక్కువ చేదు దించుతాయి, వాసనా పోతుంది. ముందు 80 డిగ్రీలకు చల్లార్చి అప్పుడు హాప్స్ వేస్తే చేదు పెద్దగా పెరగదు, నూనెలు నిలుస్తాయి. రెండింటిలో ఏదైనా సరే, ప్రతిసారీ అదే పద్ధతి పాటించండి. ఒకసారి అలా, ఒకసారి ఇలా చేస్తే రెసిపీ ఎన్నటికీ స్థిరపడదు.

గోల్డింగ్స్, మిట్టెల్‌ఫ్రూ

ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ ఇంగ్లండ్‌లోని కెంట్ జిల్లా పంట. ఆల్ఫా 4 నుంచి 6 శాతం. తేనె, ఎండుగడ్డి, కాస్త నారింజ తొక్క. వాసన చూడగానే అబ్బో అనిపించదు. పెల్లెట్లను (పొడిచేసి నొక్కిన హాప్ గుళికలను) చూసి నిరాశపడేవాళ్లే ఎక్కువ. దాని విలువ మాల్ట్ పక్కన కూర్చున్నప్పుడు తెలుస్తుంది. బిటర్, పోర్టర్, స్టౌట్, బ్రౌన్ ఏల్ దేనిలోనైనా ఇమిడిపోతుంది, బెల్జియన్ ఏల్స్‌లో కూడా. మీ బిటర్‌కు 1.042 గ్రావిటీ దగ్గర మాగ్నమ్ 10 గ్రాములు గంటకు, గోల్డింగ్స్ 30 గ్రాములు ఆఖరి 15 నిమిషాలకు, 20 గ్రాములు మంట ఆపాక. 27 ఐబీయూ వస్తుంది. చేదుకు కూడా గోల్డింగ్స్‌నే వాడాలని పట్టుబట్టే ఇంగ్లిష్ పద్ధతి ఉంది. రుచిలో కొంచెం నిండుదనం వస్తుందన్నది నిజమే, కావాలంటే ఒకసారి 25 గ్రాములు గంటకు వేసి చూడండి.

ఫగుల్ అడిగిన రెసిపీలకు గోల్డింగ్స్ నడుస్తుంది. ఫగుల్‌లోని మట్టి వాసన తగ్గుతుందంతే. అమెరికాలో తాజాగా దొరకాలంటే విల్లమెట్ చూడండి, 1976లో విడుదలైన ఆ రకం ఫగుల్ సంతానమే.

లాగర్ హాప్ మీద నా మనసు రెండుగా ఉంటుంది. సాజ్‌కు పేరెక్కువ. చెక్ దేశంలో దాని పుట్టినూరు జాటెట్స్, చుట్టూ ఉన్న హాప్ తోటలు 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరాయి. కానీ దాని మిరియాల ఘాటు, మూలికల వాసన చెక్ పిల్స్‌నర్‌లో ఒదిగినంతగా వేరే చోట ఒదగదు, ఆల్ఫా కూడా చాలా తక్కువ. బవేరియాలోని హాలర్‌టావ్ ప్రాంతపు మిట్టెల్‌ఫ్రూ మెత్తన. జర్మన్ పిల్స్, హెల్లెస్, కోల్ష్, గోధుమ బీరు అన్నింటికీ వెళ్తుంది. ఆల్ఫా 3 నుంచి 5.5 శాతం. లాగర్‌కు మాగ్నమ్ 12 గ్రాములు గంటకు, మిట్టెల్‌ఫ్రూ 30 గ్రాములు 20 నిమిషాలకు, 25 గ్రాములు 5 నిమిషాలకు వేస్తే 28 ఐబీయూ దగ్గర ఉంటుంది. ఏడాదికి రెండే లాగర్లు కాబట్టి, దీన్ని పెద్ద ప్యాకెట్ కొనకండి.

సిట్రా మొదట ఎందుకు వద్దు

ఈ రోజుల్లో అందరూ మొదట కొనేది అదే కనుక చెప్పాల్సి వస్తోంది. ఐపీఏ వారం వారం కాచేవాళ్లకు సిట్రా సరే. కానీ ఇది గదిలోకి వస్తే మిగతావాళ్ల మాట వినపడనివ్వని చుట్టం లాంటిది. బిటర్‌లో వేస్తే బిటర్ కాదు, లాగర్‌లో వేస్తే లాగర్ కాదు. కొన్ని లాట్లలో, ముఖ్యంగా కోత ఆలస్యమైనప్పుడు, ఉల్లి వెల్లుల్లి వాసన కూడా తేలుతుంది. పౌండ్ కొన్నాక అది బయటపడితే పౌండూ దండగే. ముందు రెండు ఔన్సులు కొని, కాస్కేడ్ డ్రై హాప్‌లో సగం తీసి దాని బదులు ఇది వేసి చూడండి.

సొరాచీ ఏస్ లాంటి ఒంటరి రకాలను నిల్వ పెట్టుకోవద్దు. నిమ్మతోపాటు సోయికూర వాసన వస్తుంది. అలాంటి బీరు ఏడాదికి ఒకటి చాలు.

రెసిపీలో వేరే పేరుంటే

నా సూత్రం చిన్నది. 60 నిమిషాల దగ్గర ఉన్న ఏ హాప్‌నైనా ఐబీయూ లెక్కలో సమానం చేసి మాగ్నమ్‌తో మార్చండి. ఆఖరి 15 నిమిషాల్లో వేసేవాటిని, డ్రై హాప్‌ను మాత్రం గ్రాముకు గ్రాము మార్చండి. ఉదాహరణకు 10 నిమిషాల దగ్గర 10 శాతం సెంటెనియల్ 30 గ్రాములు అని ఉందనుకోండి. అంతే చేదు కోసం 6 శాతం కాస్కేడ్ 50 గ్రాములు వేయాలని లెక్క చెబుతుంది. వేయకండి, 30 గ్రాములే వేసి, తగ్గిన ఐదు ఐబీయూను మాగ్నమ్ మూడున్నర గ్రాములు పెంచి భర్తీ చేయండి. అమరిల్లో, సెంటెనియల్ అడిగిన చోట కాస్కేడ్ పర్వాలేదు. మౌంట్ హుడ్, లిబర్టీ, టెట్నాంగర్ అడిగితే మిట్టెల్‌ఫ్రూ. మోజాయిక్, నెల్సన్ సోవిన్ లాంటి వాటికి మాత్రం ఈ నాలుగింటిలో జవాబు లేదు. ఆ రెసిపీ మీద మనసైతే ఆ హాప్‌నే ఔన్సు లెక్కన కొనుక్కోండి.

మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో (చిక్కబెట్టిన వోర్ట్‌తో) చిన్న గిన్నెలో 10 లీటర్లు మరిగించి తర్వాత నీళ్లు కలిపేవాళ్లు ఒకటి గమనించాలి. ఎక్స్‌ట్రాక్ట్ అంతా ఆ 10 లీటర్లలోనే వేస్తే గ్రావిటీ 1.100కు వెళ్తుంది, వినియోగం 0.23 నుంచి 0.15కు పడిపోతుంది. బీరు చప్పగా, తియ్యగా వచ్చింది, హాప్స్ బాగాలేవు అని తిట్టుకునేది సాధారణంగా ఇక్కడే. సగం ఎక్స్‌ట్రాక్ట్‌ను మరుగు ఆపబోయే ముందు వేస్తే సమస్య చాలావరకు తీరుతుంది.

ప్యాకెట్ మీద ఏం చూడాలి, ఎలా దాచాలి

గుంటూరు మిరప ఒకే రకం ఒక ఏడాది మండుతుంది, ఒక ఏడాది మామూలుగా ఉంటుంది. హాప్స్ కూడా పంటే. రెసిపీలోని ఆల్ఫా శాతం ఆ రాసినవారి ప్యాకెట్‌ది, మీ ప్యాకెట్ మీద ఉన్నది మీది. లెక్కకు మీదే తీసుకోండి. దాని పక్కనే పంట సంవత్సరం ఉంటుంది, అది లేని ప్యాకెట్ ఎంత చవకైనా వద్దు.

ఉత్తరార్ధగోళంలో కోత ఆగస్టు, సెప్టెంబరుల్లో. అమెరికా హాప్స్‌లో దాదాపు మూడొంతులు వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయవే. కొత్త పంట పెల్లెట్లు శీతాకాలం మొదలయ్యేసరికి కొట్లలోకి వస్తాయి. ఏడాది కొనుగోలు అప్పుడే చేయండి. జులైలో డిస్కౌంట్ చూసి కొంటే అది పోయినేడు సరుకు.

హాప్స్‌కు శత్రువులు గాలి, వేడి, వెలుతురు, ఈ వరుసలోనే. గది వేడిలో, అంటే 20 డిగ్రీల దగ్గర, ఆరు నెలలు వదిలేస్తే మాగ్నమ్‌లో ఆల్ఫా ఐదింట నాలుగు వంతులు మిగులుతుంది, కాస్కేడ్‌లో సగం పోతుంది. గాలి తీసి సీల్ చేసి ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర పెడితే ఏడాది దాటినా నష్టం కొద్దిగానే. జిప్ కవర్లు పనికిరావు, పల్చటి ప్లాస్టిక్ గుండా గాలి పోతుంది. పరీక్ష సులువు. ఫ్రీజర్ తలుపు తీయగానే హాప్స్ వాసన వస్తోందా? నూనె బయటికి వచ్చే దారిలోనే గాలి లోపలికి వెళ్తోందని అర్థం. వెండి రేకు పూత ఉన్న కవరులో తిరిగి పోసి, గాలి పిండేసి, ఇస్త్రీ పెట్టె అంచుతోనైనా సీల్ చేయండి. ప్యాకెట్ బయటికి తీశాక కావలసినది తూచుకుని వెంటనే లోపల పెట్టేయండి. బల్ల మీద వదిలేస్తే చల్లటి పెల్లెట్ల మీద తేమ పట్టి ఉబ్బుతాయి.

ఎంత కొనాలంటే, మీ లెక్క ప్రకారం ఏడు పేల్ ఏల్స్‌కు కాస్కేడ్ 700 గ్రాములు. ఒక పౌండ్, ఒక అరపౌండ్ ప్యాకెట్ కలిపితే 681 గ్రాములు, సరిపోయినట్టే. పన్నెండు సార్లకు మాగ్నమ్ 160 గ్రాములు మించదు, అరపౌండ్ చాలు, మిగిలింది పైయేడుకు పనికొస్తుంది. గోల్డింగ్స్ 150 గ్రాములు, అదీ అరపౌండే. మిట్టెల్‌ఫ్రూ 110 గ్రాములు, నాలుగు ఔన్సుల ప్యాకెట్ ఒక్కటి. కాస్కేడ్ నిల్వకు నాజూకు కాబట్టి పౌండ్ ప్యాకెట్ తెరిచిన రోజే 100 గ్రాముల పొట్లాలుగా విడదీసి సీల్ చేయండి. ప్రతి పొట్లం ఒక బీరు.

డ్రై హాప్‌లో జరిగే తప్పులు

లీటరుకు 2 గ్రాములు వేస్తే పేల్ ఏల్‌కు సరిపోతుంది, ఐపీఏకు 4, 5 దాకా పోవచ్చు. 8 దాటితే పండ్ల వాసన పెరగదు, ఆకు పసరు పెరుగుతుంది. రెండు మూడు రోజులు చాలు, పది రోజులు నానబెట్టడం వల్ల లాభం లేదు.

అసలు ప్రమాదం వేరే ఉంది. హాప్స్‌లో కొన్ని ఎంజైములుంటాయి. ఈస్ట్ తినలేక వదిలేసిన పెద్ద చక్కెరలను అవి చిన్నవిగా విరగ్గొడతాయి, నిద్రపోయిన ఈస్ట్ మళ్లీ లేస్తుంది. గ్రావిటీ 1.012 దగ్గర ఆగింది కదా అని హాప్స్ వేసి మూడోరోజే సీసాల్లో పోసేస్తే, లోపల మళ్లీ పులిసి సీసాలు పగలొచ్చు. కొన్నిసార్లు వెన్న వాసన కూడా వస్తుంది. డ్రై హాప్ తర్వాత రెండు రోజుల తేడాతో రెండుసార్లు గ్రావిటీ చూడండి, కదలకపోతేనే సీసాలు కడగండి. వెన్న వాసన తగిలితే ఫెర్మెంటర్‌ను (బీరు పులిసే పాత్రను) ఇంకో మూడు నాలుగు రోజులు 20 డిగ్రీల దగ్గర వదిలేయండి, ఈస్టే దాన్ని తినేస్తుంది.

మూత తీసినప్పుడల్లా గాలి పోతుంది. పులియడం పూర్తిగా ఆగకముందే, చివరి గ్రావిటీకి మూడు నాలుగు పాయింట్ల (పాయింటంటే 0.001) దూరంలో ఉన్నప్పుడే హాప్స్ వేస్తే ఆ గాలిని ఈస్ట్ వాడేసుకుంటుంది. నెల తిరక్కుండానే పేల్ ఏల్ రంగు ముదిరి, తడిసిన అట్టపెట్టె వాసన వేస్తే గాలి పట్టిందని అర్థం, హాప్‌ను మార్చి లాభం లేదు.

మరిగే గిన్నెలో పెల్లెట్లు వేసేటప్పుడు మంట తగ్గించి విడతలుగా వేయండి. ఒక్కసారి కుమ్మరిస్తే పాలు పొంగినట్టు పొంగుతుంది, స్టవ్ మీద ఎండిన వోర్ట్‌ను గీకడం కంటే ఆగి వేయడం సులువు. గుడ్డ సంచిలో కట్టి వేసేవాళ్లు పెల్లెట్లు ఉబ్బడానికి చోటు వదలాలి, పదో వంతు ఎక్కువ వేయాలి.

కొనేముందు వాసన చూసే పద్ధతి

రెండు మూడు పెల్లెట్లను అరచేతుల మధ్య నలిపి, చేతులు వేడెక్కేదాకా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకోండి. మొదట వచ్చేది ఆకు వాసన, పట్టించుకోకండి. పది సెకన్ల తర్వాత వచ్చేదే అసలుది. ఇంకొంచెం ఓపిక ఉంటే, ఏ ప్రత్యేకతా లేని మామూలు లాగర్ సీసాలు 330 మిల్లీలీటర్లవి నాలుగు కొనండి. మూత తీసి ఒక్కో దానిలో ఒక్కో రకం ఒక గ్రాము వేసి, నురుగు పైకి వచ్చేలోపే కొత్త మూత బిగించి, మూడు రోజులు ఫ్రిజ్‌లో పెట్టండి. లీటరుకు 3 గ్రాముల డ్రై హాప్‌తో సమానం. కింద మడ్డి కదలకుండా గ్లాసుల్లోకి వంచి పక్కపక్కన రుచి చూస్తే, కాస్కేడ్ మీకు నచ్చుతుందో సెంటెనియల్ నచ్చుతుందో పౌండ్ ప్యాకెట్ కొనకముందే తేలిపోతుంది.

ఇక మీ ఫ్రీజర్‌లోని పాత ప్యాకెట్లు. ఒక్కోటీ తెరిచి పెల్లెట్ విరవండి. లోపల పచ్చగా ఉండి వాసన బాగుంటే, మిగిలినవన్నీ కలిపి ఒక పేల్ ఏల్ చివర్లో వేసేయండి. ఆల్ఫా ఎక్కువున్న పాతవి, వాసన తగ్గినా పుల్లబడనివి, గంట మరుగుకు పోతాయి, ఆల్ఫా మూడో వంతు తగ్గించి లెక్క వేయండి. గోధుమరంగుకు తిరిగి, పాత చీజ్ వాసనో చెమట మేజోళ్ల వాసనో వస్తున్నవి దేనికీ పనికిరావు, చెత్తలో వేయండి. ఇంట్లో కుక్క ఉంటే మూత బిగించే డబ్బాలోనే వేయండి. మరిగించి పారేసిన హాప్స్ మడ్డి కూడా కుక్కలకు విషమే, తిన్న కొద్ది గంటల్లో ఒంటి వేడి ప్రాణం తీసే స్థాయికి పోవచ్చు. దొడ్లో కంపోస్టు గుంటలో పోసే అలవాటుంటే దాన్ని కప్పేసి ఉంచండి.